స్త్రీల కూడికలో నా వంతు

చాప ఆ చివర నుంచి విన్నపాలు మొదలయ్యాయి, అంటే నా వంతుకు ఇంకా సమయం ఉంది, సాలొమోను తాత భార్య గోడ పట్టుకొని లేచి తన మోకాళ్ళ కోసం ప్రార్థన చేయమంటోంది, ప్రతి గురువారం అవే మోకాళ్ళు, ప్రతి గురువారం అందరం అయ్యో అంటాం, నేను మాత్రం తల దించుకొని క్రిస్టీ వేళ్ళ నుంచి పాటల పుస్తకం విడిపిస్తున్నాను, దాని చేతులు బెల్లం పూసినట్టు జిగురుగా ఉన్నాయి, ఈ గాంధీనగర్ ఇళ్ళల్లో మధ్యాహ్నం ఫ్యాను తిరిగినా వేడిగాలినే కిందికి తోస్తుంది, లోపల ఎవరో ప్రార్థన కూడిక అయ్యాక పెట్టడానికి మండక్కి బొరుగులు కలుపుతున్నారు, ఉల్లిపాయల ఘాటు కళ్ళకు తగులుతోంది, ఏడ్చినా ఉల్లిపాయలే అనుకుంటారు, కానీ నేను ఏడవను, ఈ రోజు ఏడ్చేది నేను కాదు. నా నోట్లో ఒక మాట ఉంది. పొద్దుటి నుంచి దాన్ని పిప్పరమెంటులా అటు బుగ్గకు, ఇటు బుగ్గకు తిప్పుతున్నాను. అది నా మాట కాదు, మా అత్తది. పోయిన ఏడు ఇదే చాప మీద, నేను చంటిదాన్ని ఒళ్ళో వేసుకొని కూర్చొని ఉండగా, మా అత్త కృపమణి కొంగు తల మీదికి లాక్కొని లేచి నిలబడి, "మా కోడలు హిమబిందుకు నిద్ర పట్టదమ్మా. తిని సుమ్నే కూర్చునే ఒంటికి నిద్ర యాడిది? దేవుడు దానికి పని మీద మనసు ఇయ్యాలని అందరూ ప్రార్థన చేయండి" అంది. అందరూ చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆదివారం నుంచి గుడి మెట్ల దగ్గర, కుళాయి దగ్గర, కూరగాయల బండి దగ్గర ఎవరు ఎదురైనా చెక్కిలి పట్టుకొని అడగడమే, నిద్ర పడతాందా పాపా, పని చేస్తాండావా పాపా.

ఈ రోజు అదే మాట వాళ్ళబ్బాయి పేరు మీద చెప్తాను. పేరొక్కటి మారుస్తాను, అంతే. మా ఆయన స్టీవెనుకు నిద్ర పట్టదమ్మా. తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలందరూ చుట్టూ చేరి, కండలు కనబడాలని ఒక సైజు తక్కువ కొనుక్కున్న ఆ నల్ల టీషర్టు మీద చేతులు వేసి, ఏం స్టీవెనప్పా, నిద్ర పడతాందా, అని అడగాలి. క్వయరు పిల్లలు వినాలి. ఆయన చెవులు ఎర్రబడాలి. ఆయనకు సిగ్గు వస్తే ముందు చెవులే ఎర్రబడతాయి, పెళ్ళి రోజు చూశాను, అప్పుడు ముద్దుగా అనిపించింది. పగ దేవుడికి వదిలేయాలని పాస్టరమ్మ చెబుతూనే ఉంటుంది. దేవుడికి చాలా పనులు. ఇది చిన్న పని, నేను చూసుకోగలను.

అప్పుడు నాకు నిద్ర పట్టనిది తిని ఊరికే కూర్చొని కాదు. క్రిస్టీ పడుకోగానే దానికి ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టేదాన్ని, వేలికి వెచ్చగా తగిలేది, హమ్మయ్య అని కళ్ళు మూసేదాన్ని, మూయగానే ఇప్పుడు ఆడుతోందో లేదో అని మళ్ళీ లేచేదాన్ని, పక్కన ఆయన గురక, అవతలి గదిలో అత్త గురక, నేనొక్కదాన్నే ఇంటికి కాపలా కుక్కలా. బిడ్డకు జ్వరం వస్తే, బిడ్డ పొర్లి కింద పడితే, నేను నిద్రపోయిన ఆ కాసేపట్లోనే ఏదైనా అయితే. మా కూరెకుప్పలో నన్ను తొమ్మిదో తరగతిలో బడి మానిపించింది కూడా ఇందుకే కదా, అమ్మ పనికి పోతే తమ్ముణ్ణి ఎవరు చూస్తారని, కన్నడ బడిలో నా బెంచీ మీద వేరే పిల్ల కూర్చుంది, నాకు తెలుగు చదవడం సండే స్కూలులో వచ్చిందే గాని బడిలో కాదు, అప్పటి నుంచి నా పొద్దు ఎప్పుడూ ఎవరో ఒకరిని ఎత్తుకొనే గడుస్తోంది. నిద్ర లేదని డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె మాత్ర రాసిస్తుందనుకున్నాను, ఆమె ముందు నడువు అంది. ఊరికే నడవమంటుందేంటి అనుకున్నాను. మా సంఘంలోనే ఆస్పత్రిలో నర్సుగా చేసే డెబోరా అక్క ఉంది, ఇప్పుడు నా ఎదురుగానే కూర్చొని వాచీ చూసుకుంటోంది, ఆమె అంది, "నాతో రా పాపా, నేను ఎట్లాగూ తెల్లారక ముందే గ్రౌండుకు పోతా." అప్పుడు ఆయనకు పగలు డ్యూటీ. ఆ పొద్దుటి గంట ఆయనే బిడ్డను పట్టుకునేవాడు. ఎంత మంచివాడు అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

ఆ గంట గురించి ఎవరికీ సరిగ్గా చెప్పలేను. చేతుల్లో ఏమీ లేకుండా నడవడం నాకు తెలియదు, మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాక చున్నీ కొస పట్టుకొని నడిచాను. గుట్ట రాళ్ళ మీద వెలుగు ముందు బూడిదగా, తర్వాత కుంకుడుకాయ రంగులో పడేది, బస్సులు ఇంకా దుమ్ము లేపని వేళ, డెబోరా అక్క వేగంగా నడిచేది, నేను పక్కన పరుగు లాంటి నడక, ఊపిరి అందేది కాదు, అక్క నవ్వేది, "ఏంది, ముసలమ్మ మాదిరి రొప్పుతాండావ్." ఒంట్లో ఎక్కడో ముడి పడి ఉన్నది కొంచెం కొంచెం వదులయ్యేది. మొదట్లో ఏమీ మారలేదు. తర్వాత ఒకసారి బిడ్డ పక్కన నడుం వాల్చానా, అంతే, మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. వేలు పెట్టి చూడలేదు. బిడ్డ బాగానే ఉంది, నవ్వుతోంది, నేనే దుప్పటి నోట్లో కుక్కుకొని ఏడ్చాను, ఎంత హాయిగా ఏడ్చానో. రోజూ నడిచాను. రోజూ నిద్రపోయాను. నడిచింది కాళ్ళు, నిద్రపోయింది తల, ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

"మా ఆల్విన్ కు లైసెన్సు రావాల, టెస్టులో మళ్ళీ బండి ఆపేసినాడంట" అంటోంది ఆల్విన్ వాళ్ళమ్మ, ఎవరో కిసుక్కుమన్నారు, పాస్టరమ్మ కళ్ళతోనే వాళ్ళను సర్దింది. ఇంకా ముగ్గురున్నారు, తర్వాత అత్త, తర్వాత నేను.

ఆ గంటను ఆయన తీసుకున్నాడు. అడిగి కూడా తీసుకోలేదు. ఎవరి పెళ్ళి వీడియోలోనో తన పొట్ట తనే చూసుకున్నాడు, మరుసటి రోజు మూల మీద మేడ కింది జిమ్ములో చేరి వచ్చాడు, పొద్దున పోవాలన్నాడు. పొద్దున నేను పోతాను కదా అన్నాను. ఆయన నవ్వాడు, కోప్పడి ఉంటే బాగుండేది, నవ్వాడు. "ఇంట్లో నువ్వు చేసేది ఎక్సర్‌సైజ్ కాదా ఏంది? బిందె ఎత్తు, బిడ్డను ఎత్తు, చీపురు పట్టి వంగు. అదే నీకు జిమ్. ఫీజు గూడా లేదు." అత్తను అడిగాను, ఆ గంట బిడ్డను పట్టుకోమని. "అది నా ప్రార్థన గంట" అంది. ఎప్పుడూ లేని ప్రార్థన గంట. బైబిలు ఒళ్ళో తెరుచుకొని కునుకు తీసేది, నాకు తెలుసు, నిద్ర పట్టనివాళ్ళకు పక్కవాళ్ళ కునుకు బాగా తెలుస్తుంది. నేను మళ్ళీ వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాను. డెబోరా అక్క వీధి మలుపు దగ్గర నా కోసం నిలబడేది, కొన్నాళ్ళకు నిలబడటం మానేసింది.

తర్వాత ఆయనకు నైటు వేశారు. కుడతిని వైపు కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర పని, కాంట్రాక్టరు బండి పొద్దున మూల మీద దించుతుంది, అక్కడి నుంచి ఇంటికి రాడు, నేరుగా జిమ్ముకే. డబ్బా మీద పులి బొమ్మ ఉన్న పొడి ఒకటి నీళ్ళలో కలుపుకొని తాగి, ఇనుము ఎత్తి, ఎత్తి, ఇంటికి వచ్చి స్నానం చేసి, గుడ్లు తిని, పొద్దు నడినెత్తికి ఎక్కుతుండగా పడుకుంటాడు. పడుకోవడమే. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం. గుండె బనియన్ను తంతూ ఉంటుంది. కళ్ళు ఫ్యాను రెక్కలతో పాటు తిరుగుతాయి. ఇక తప్పు నాది. కుక్కరు కూత నాది, గాజులు నావి, క్రిస్టీ ఏడుపు నాది. కుక్కరు మానేసి గిన్నెలో అన్నం వండుతున్నాను. మిక్సీ వేయకుండా పచ్చడి రోట్లో నూరితే రోలు చప్పుడట. కొత్తిమీర అమ్మే ముసలాయనను మా వాకిలి దాటేదాకా అరవద్దని బతిమాలాను, ఆయన నోటి మీద వేలు పెట్టుకొని పిల్లిలా బండి తోసుకుంటూ పోతాడు, వీధంతా మా ఇంటిని చూసి నవ్వుతుంది. అయినా ఆయన తలుపు తీసి, "ఏమే, బిడ్డను తీసుకొని బయటికి పో, ఒక్క గంట పండుకోనీ" అంటాడు. ఎండలోకి. నైటు డ్యూటీ మొగుళ్ళున్న ఆడవాళ్ళందరం ఇట్లాగే పిల్లలను చంకనేసుకొని చర్చి అరుగు మీదో, ఎవరి వాకిట్లోనో కూర్చొని ఉంటాం, లోపల మగవాళ్ళ నిద్రకు బయట మేము కాపలా. కానీ వాళ్ళ మొగుళ్ళు నిద్రపోతారు.

ఆ అరుగు మీదే డెబోరా అక్క నాకు చెప్పింది. డ్యూటీ దిగి పోతూ నన్ను చూసి ఆగింది, క్రిస్టీకి నీళ్ళు తాగించింది, విషయం అడిగింది, విని నవ్వింది. "ఘాటు రోడ్డు మీద గుట్ట ఎక్కి దిగిన లారీ ఇంజను మీద చెయ్యి పెడతావా పాపా? ఒళ్ళు గూడా అంతే. అది చల్లారాల, గుండె దిగాల, అప్పుడు నిద్ర. ఎక్సర్‌సైజ్ మంచిదే, నిద్రకు అంతకంటే మంచి మందు లేదు, నువ్వే చూసినావు కదా. వేళ చూసుకోవాల. కొందరికి ఏమీ కాదు, మీ ఆయనకు అవుతాండాది. సాయంత్రం లేచినాక పోనీ, డ్యూటీకి ముందర. పండుకునే ముందు వద్దని చెప్పు. ఆ పులి పొడి అసలుకే వద్దు, అది కాఫీకి అమ్మమ్మ." అంతే. ఇంత చిన్న సంగతి. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే నాకు నవ్వు వచ్చింది, అంత ఎండలో. ఆయనకు చెప్పలేదు. ఆయన తలుపు తీసి బయటికి పో అన్నప్పుడల్లా నా దగ్గర ఉన్నది గట్టిగా పట్టుకొని బయటికి పోయాను. ఆయన కళ్ళ కింద నల్లబడుతుంటే చూశాను. కూర చప్పగా ఉందని గిన్నె తోసేస్తే చూశాను. అడుగు, అనుకునేదాన్ని, నీకు నిద్ర ఎట్లా వచ్చిందే అప్పట్లో, అని ఒక్కసారి నన్ను అడుగు, చెప్తాను. ఆయన అడగలేదు. బిందెలు ఎత్తేదాన్ని ఎవరు అడుగుతారు. ఎన్నో రాత్రులు నేను బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి కూర్చున్నప్పుడు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఇప్పుడు గోడ వైపు తిరిగేది నేను.

కానీ పొద్దున హంపేశ్ ఫోను చేశాడు. ఆయనతో పాటు పనిచేసేవాడు, మా ఇంట్లో అన్నం తిన్నవాడు. "అక్కా, ఆయనకు చెప్పినానని చెప్పొద్దు. రాత్రి నిలబడే కునుకు తీసినాడు. బెల్టు పక్కనే. నేను కాలరు పట్టి ఎనక్కి గుంజినా. ఏమన్నా మందు ఇప్పించు అక్కా, ఈ రాత్రి నేను వేరే పక్క ఉంటా." ఫోను పెట్టేశాక నా చేతికి సబ్బు నురగ అట్లాగే ఉంది. కాలరు. ఆయన చొక్కాలన్నీ నేనే ఉతుకుతాను, కాలరు లోపల బొగ్గు గీత ఎంత రుద్దినా పోదు. ఆ కాలరు హంపేశ్ చేతికి అందకపోతే. ఆ ఆలోచన వచ్చి వంటింట్లో కింద కూర్చున్నాను, అప్పుడే ఆయన వచ్చాడు, జిమ్ము చెమటతో, కంపుతో, అద్దంలో భుజం చూసుకుంటూ, ఇంత జరిగినా జిమ్ముకే పోయి వచ్చాడు, నాకు ఒక్క మాట చెప్పలేదు, "టవలు యాడ?" అన్నాడు. నా భయం టవలుతో పాటు కోపంగా మారి చేతికి వచ్చింది. ఇచ్చాను. చెప్పాలనుకున్నది నోటి దాకా వచ్చి మళ్ళీ బుగ్గలోకి పోయింది. చెప్పకుండానే కూడికకు వచ్చాను. ఆయన చచ్చిపోతే ఏం చేస్తావే అని నన్ను నేను అడుగుతున్నాను. చంపుతాను అని జవాబు వస్తోంది, చచ్చిపోతే ఆయన్ను చంపుతాను.

అత్త లేచింది. తల మీద కొంగు, కళ్ళు పైకి. "నాకు విన్నపం లేదమ్మా, స్తోత్రమే. నా కొడుకు స్టీవెను దినామూ జిమ్ముకు పోతాండాడు. ఒళ్ళు ఇనుము మాదిరి అయింది. ఈ కాలం మొగపిల్లోళ్ళు తాగి పడిపోతాంటే, నా బిడ్డకు మంచి అలవాటు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం." స్తోత్రం, అన్నారు అందరూ. కూర్చుంటూ నా మోచేతిని తట్టింది, నీ వంతు, ఊరికే పాస్ అను, అన్నట్టు, నేను ఎప్పుడూ పాస్ అంటాను.

లేచాను. క్రిస్టీ నా చున్నీ పట్టుకొని నిలబడింది.

"మా ఆయన స్టీవెనుకు నిద్ర పట్టదమ్మా" అన్నాను. "తిని సుమ్నే కూర్చునే ఒంటికి నిద్ర యాడిది? దేవుడు ఆయనకు..." అక్కడ పని మీద మనసు అనాలి, పొద్దుటి నుంచి తయారు చేసుకున్నది అదే, ఫ్యాను కింద అత్త ముఖం నెమ్మదిగా నా వైపు తిరుగుతోంది, గుర్తుపట్టింది, తన మాట తను గుర్తుపట్టింది, ఆ ముఖం కోసమే ఏడాది ఆగాను, అయినా నా నోటి నుంచి వేరేది వచ్చింది. "రాత్రి బెల్టు పక్కన నిలబడే కునుకు తీసినాడు. హంపేశ్ కాలరు పట్టి గుంజినాడంట. లేకుంటే పోయేవాడు."

లోపల మండక్కి కలిపే గరిటె కూడా ఆగింది. అత్తకు ఈ సంగతి తెలియదు. కొడుకు సంగతి కోడలి నోట, ఇంతమందిలో, చాప మీద వింది. ఇది నేను అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది, తగలనీ, అనుకుంటున్నాను.

"నేను చెప్పినా కదా బిందూ" అంది డెబోరా అక్క, మెల్లగానే, కానీ అందరికీ వినబడింది. "ఈస్టరుకు ముందే చెప్పినా. ఆయనకు చెప్పలేదా?"

"లేదక్కా."

"ఎందుకు?"

"నన్నెవరూ అడగలేదు."

ఎవరో ఏసయ్యా అన్నారు. ఆల్విన్ వాళ్ళమ్మ ఏదో అడగబోయింది, పాస్టరమ్మ చప్పట్లు కొట్టినట్టు చేతులు జోడించి, "ప్రార్థన చేద్దాం, అందరం ప్రార్థన చేద్దాం" అని గబగబా మొదలుపెట్టింది. తలలన్నీ వంగాయి. కూర్చున్నాను. నా కళ్ళు మూతపడలేదు. అత్తవీ పడలేదు. ఆమె చెయ్యి నా మణికట్టు మీద పడింది, తడిగా.

"ఏం చెప్పింది ఆ నర్సు?" గుసగుస.

"మందు."

"ఏం మందు? చెప్పవే. వాని ప్రాణం మీదికి వచ్చింటే ఆటలా నీకు?"

"పొద్దుటి గంట నాకు కావాల అత్తా."

"ఏ గంట?"

"నీ ప్రార్థన గంట."

పాస్టరమ్మ యాత్రికుల క్షేమం కోసం ప్రార్థిస్తోంది. అత్త పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో, నన్ను తిట్టడమో.

"సాయంత్రం పో" అంది.

"సాయంత్రం వంట ఎవరు చేస్తారు? పొద్దున."

"ఆడపిల్ల తెల్లారకముందే రోడ్డు మీద తిరిగితే చూసినోళ్ళు ఏమంటారే?"

"పోయిన ఏడు ఇంతకంటే ఎక్కువే అన్నారు. నువ్వు ప్రార్థన అడిగినావు, వాళ్ళు అన్నారు."

ఆమె నన్ను చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారి చూసినట్టు, బజారులో వంకాయను తిప్పి చూసినట్టు కాకుండా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నా కోసం కాదు, కొడుకు కోసం, అది నాకు తెలుసు, నాకు చాలు. "సరే" అంది. "పట్టుకుంటా. దినామూ పట్టుకుంటా. పో, ఇప్పుడే పోయి వానికి చెప్పు."

"జ్వరమొచ్చినా, నడుము నొప్పి ఉన్నా?"

"పట్టుకుంటానన్నా కదే! ఈ రాత్రి పనికి పోకముందే చెప్పు. నేను చెప్తే వాడు ఇనడు, నవ్వుతాడు."

నన్ను చూసి నవ్వినట్టే, అనుకున్నాను, అనలేదు. క్రిస్టీని ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాను. అది ఒకసారి నా వైపు చెయ్యి చాపింది, తర్వాత అత్త మెడలోని గొలుసు దొరికి దాన్ని నోట్లో పెట్టుకుంది. పాస్టరమ్మ, దేవా ఈ కుటుంబానికి నెమ్మది దయచేయుము, అంటుండగా వంగిన తలల మధ్య నుంచి దాటుకుంటూ వాకిట్లోకి వచ్చాను. చెప్పులు వేసుకున్నాను. ఎండ నెత్తి మీద పడింది. చేతుల్లో ఏమీ లేదు. చేతులను వాటి పాటికి ఊగనిచ్చాను. ఎడమ పక్క తిరిగితే మా ఇల్లు, నాలుగు వాకిళ్ళు దాటితే చాలు. చెప్తాను, అడిగే దాకా ఆగకుండా చెప్తాను, చీకటి పడకముందే చెప్తాను, జిమ్ము వేళ మార్చమంటాను, పొడి డబ్బా నా చేత్తోనే మోరీలో పోస్తాను, ఈ రాత్రి సెలవు పెట్టమంటాను, పెట్టకపోతే వాకిలికి అడ్డం కూర్చుంటాను. కుడి పక్క తిరిగితే గ్రౌండు చుట్టూ తిరిగి వచ్చే దారి. కుడి పక్కకు తిరిగాను. ఆయన మేల్కొనే ఉంటాడు. తొందరేం లేదు.